గంగులయ్య కాలి తాడుకు ఊరంతా చెయ్యి వేసిన వైనం

మునగపాళెం పెద్దపడవకు చుక్కాని తెడ్డు పట్టే గంగులయ్య తన జన్మలో లొంగింది మూడింటికే. తూర్పు గాలికి, భార్య పిచ్చమ్మకు, ఒక ఇనుప చువ్వకు. మొదటి రెండింటి సంగతి ఊరందరికీ తెలుసు. మూడోదాని విషయంలో మాత్రం ఎవరి కథనం వారిది కావడం వల్ల, జరిగింది జరిగినట్టు ఒక వరసలో చెప్పవలసిన అవసరం ఏర్పడింది.

మునగపాళెం కోట అనే ఊరికి తూర్పున, కాలవ దాటాక, సముద్రాన్ని ఆనుకొని ఉంటుంది. అక్కడ అన్నంలో ఇసక తగిలితే ఎవరూ ఏమీ అనరు; తగలకపోతేనే వంట ఎవరింట్లో చేశారని అడుగుతారు. ఊరికంతా కలిపి ఒకటే పెద్దవల, దానికొక పడవ. వల తాడు ఒక కొస గట్టు మీద వదిలి, పడవలో వలను చుట్టూ వదులుతూ పోయి, రెండో కొసతో ఇంకొకచోట ఒడ్డుకు చేరుకుంటారు. ఇక అక్కణ్ణించి ఊరు ఊరంతా తాళ్లు పట్టుకొని వలను బయటికి లాగుతుంది.

ఈ లాగడానికి అక్కడొక ధర్మం ఉంది. తాడుకు చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో పాలు ఉంటుంది. బలం ఎంత పెట్టాడని ఎవరూ అడగరు. పళ్లూడిన ముసలమ్మ చెయ్యి ఆనించినా, దారిన పోయే ఉప్పుబండివాడు బండి ఆపి చెయ్యి వేసినా, వాడి చాట వాడికి నిండుతుంది. అయితే ఈ ధర్మానికి ఇంకొక మొహం కూడా ఉంది. తాడు పక్కనే నిలబడి చెయ్యి వేయనివాడు పగవాడి కింద జమ. ఫలానావాడు మా తాడుకు చెయ్యి వేయలేదు అనే ఒక్క మాట మీద ఆ ఊళ్లో ఖాయం చేసుకున్న సంబంధాలు కూడా తప్పిపోయాయి.

తెడ్డుకు ఇంకొక ధర్మం. వైశాఖంలో గంగమ్మ కొలుపు నాడు, పెద్దపడవ ఎవరి చేతి మీదుగా తొలి అలలు దాటుతుందో, ఆ ఏడాదంతా తెడ్డు వాళ్లది. అది గంగులయ్య చేతికి మీసాలు సరిగా రాకముందే వచ్చింది. మీసాలు నెరుస్తున్నా పోలేదు. అతనికి పొలం లేదు, పెంకుటిల్లు లేదు, మంచి మాట చెప్పే నోరు కూడా లేదు. ఉన్నది ఆ తెడ్డు. పడవ వెనక కొసన, రెండు కాళ్లూ దూరంగా పెట్టుకొని, నడుం మీద తూగుతూ నిలబడి పట్టాలి దాన్ని. కూర్చొని పట్టేది కాదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. గంగులయ్య మరిచిపోవాలని ఎంత ప్రయత్నించినా మరవలేకపోయాడు.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం కార్తీకంలో, సముద్రం పొంగు మీద ఉన్న ఒక పొద్దున, వల వదిలి వస్తుండగా ఒడ్డు దగ్గర పడవ అడ్డం తిరిగింది. ఎందుకు తిరిగిందన్న దానిపై రెండు వాదాలున్నాయి. ముందు తెడ్డు వేసే బావమరిది మస్తానయ్య ఆ క్షణాన నోరు తెరిచాడని గంగులయ్య వాదం. తాను తెరిచిన మాట నిజమే గాని, దానికి బావ తిరిగి సమాధానం చెప్పడం వల్లనే తిరిగిందని మస్తానయ్య వాదం. మాటలైతే జరిగాయని ఇద్దరూ ఒప్పుకున్నారు. గంగులయ్య ఎగిరి నీళ్లలో పడ్డాడు. పడవ వచ్చి అతని మీద పడింది. ఎండు తాటిమట్ట విరిగిన చప్పుడు గట్టు మీది ఆడవాళ్లకు వినపడింది.

పడవను పక్కకు తోసి చూస్తే, అతని కుడి తొడ మధ్యలో కొత్తగా ఒక మోకాలు మొలిచినట్టుంది. తొడ చూస్తుండగానే గుమ్మడికాయంత ఉబ్బింది. మొహం బూడిద రంగుకు తిరిగింది. నోరు తెరిస్తే పక్క ఊరికి వినిపించే మనిషి నోరు తెరవకుండా పడి ఉండడం చూసి జనానికి నిజంగా భయమేసింది.

ఊరి పెద్ద నరసయ్య పుత్తూరు కట్టే కట్టించాలన్నాడు. ఇంకొకరు నెల్లూరు ఆసుపత్రి అన్నారు. పుత్తూరు కట్టుతో బాగుపడినవాళ్ల పేర్లు, నెల్లూరులో బాగుపడినవాళ్ల పేర్లు, రెండుచోట్లా బాగుపడనివాళ్ల పేర్లు వరసగా బయటికి రాసాగాయి. పిచ్చమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"వాదం మీరు పెట్టుకోండి మామా. మనిషిని నేను తీసకపోతా ఉండా."

మస్తానయ్య విడి తెడ్డు ఒకటి తెచ్చి, బావ చంక దగ్గర నుంచి పాదం దాటేదాకా ఆనించి, వలతాడుతో గట్టిగా చుట్టి కట్టాడు. కట్టినంతసేపూ మొహం సముద్రం వైపే పెట్టుకున్నాడు. చీకట్లో వలలు ముడివేసే చేతులు గనుక అది ఎవరికీ వింతగా తోచలేదు. తోచి ఉంటే చాలా గొడవ తప్పేది.

పాత వలను వెదురుబొంగుకు ఉయ్యాలలా కట్టి అందులో వేసుకొని కాలవదాకా మోశారు. కాలవ దాటి, బండి మీద కోట చేరేసరికి, వలలో ఉన్నది ఏం చేప అని ఇద్దరు అడిగారు. బస్సులో వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెడితే తెడ్డు కొస కిటికీలోంచి బయటికి వచ్చింది. వెంకటాచలం దగ్గర ఎక్కిన ఒక పెద్దమనిషి, బస్సువాళ్లు ప్రయాణికుల సౌకర్యం కోసం ఏర్పాటు చేశారనుకొని, తన తడి కండువాను దాని మీద ఆరేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కామాక్షయ్య గారు సంగం వైపు మాగాణి రైతుల బిడ్డ, మద్రాసులో చదివినవాడు. ఎముక విరిగిన ప్రతి మనిషీ తన మాట వినకుండా ఉండడానికే పుట్టాడని ఆయన గట్టి నమ్మకం. ఆయన తెడ్డునూ కట్టునూ అటూ ఇటూ చూశాడు.

"ఎవరయ్యా కట్టింది? తాడు పని బాగుందే. ఇది లేకుంటే దారిలోనే ఎముక కొస లోపలి రక్తనాళాన్ని చీల్చేసేది. కాలు పొయ్యేది, మనిషి కూడా పొయ్యేవాడు."

కట్టినవాడు ఆ సమయంలో ఆసుపత్రి బయట కొళాయి దగ్గర కూర్చొని తల తడుపుకుంటున్నాడు. మిగతా మునగపాళెం అంతా లోపలే ఉంది. డాక్టరు చెప్పిన దానిలో రక్తనాళం సంగతి వాళ్లకు సరిగా అందలేదు. తాడు పని బాగుందన్నది మాత్రం బాగా అందింది. సర్కారు డాక్టరు తమ తాడు పనిని మెచ్చుకున్నాడన్న వార్త సాయంత్రం బస్సుకే ఊరికి పోయింది. రాబోయే అనర్థానికంతా పునాది అక్కడే పడింది.

తొడ ఎముక రెండు ముక్కలైతే చుట్టూ ఉన్న కండలు బిగుసుకొని ఒక ముక్క మీదికి ఇంకొకదాన్ని ఎక్కించేస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలబెట్టాలంటే కాలిని కిందికి లాగి ఉంచాలి. ఒకే బరువుతో, రేయింబవళ్లు, ఎముక అతికేదాకా. అందుకని మోకాలికి దిగువన ఎముకలో అడ్డంగా ఒక ఇనుప చువ్వ దూర్చారు. చువ్వకు తాడు కట్టి, మంచం చివర గిలక మీదుగా కిందికి వదిలి, కొసన ఇసక సంచి వేలాడదీశారు. మనిషి జారి రాకుండా మంచం కాళ్లవైపు ఇటుకలు పేర్చి ఎత్తుచేశారు. తల కిందికి, పాదాలు పైకి పెట్టుకొని గంగులయ్య తన కొత్త పడవలో పడుకున్నాడు. ఆ పడవ ముక్కు ఎప్పటికీ అలమీదే ఉండేది. దిగడమనేది లేదు.

మాఘం దాటేలోపు ఎముక అతుకుతుందని, కదలకుండా ఉంటే కొలుపు నాటికి తన కాళ్ల మీద తాను నిలబడవచ్చునని డాక్టరు చెప్పాడు. గంగులయ్య ఆ మాటను మూట కట్టుకున్నాడు. అతనికి నొప్పి కంటే, ఆకలి కంటే, వార్డులో పెట్టే చప్పిడి చారు కంటే ఎక్కువగా తెలుస్తున్నది ఒక్కటే: తెడ్డు ఇప్పుడు మస్తానయ్య చేతిలో ఉంది. కొలుపు నాటికి లేవకపోతే అక్కడే ఉండిపోతుంది.

సముద్రం బాగా లేని రోజుల్లో ఊరివాళ్లు గుంపులు గుంపులుగా చూడవచ్చేవారు. ముందుగా వచ్చినవాడు నరసయ్య. ఆయన మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్ల ముందు తాడు ఉంది. తాడు బిగువుగా ఉంది. అటు కొసన బరువు ఉంది, ఇటు కొసన తన ఊరి మనిషి ఉన్నాడు. ఊరికి పెద్ద అయి ఉండి, అట్లాంటి తాడు పక్కన చేతులు కట్టుకొని నిలబడడం ఎట్లా? కండువా భుజం మీదికి తోసి, తాడుకు చెయ్యి వేసి, లాంఛనానికి ఒక్క లాగు లాగాడు. గంగులయ్యకు కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం నొప్పికి, సగం కృతజ్ఞతకు.

పెద్ద చెయ్యి వేశాక చిన్నలు ఊరుకుంటారా? వచ్చినవాళ్లంతా వేశారు. ఆడవాళ్లు మెల్లగా వేశారు. మొగవాళ్లు అభిమానాన్ని బట్టి వేశారు. గంగులయ్య అంటే మరీ ప్రాణం పెట్టే మేనమామ ఒకాయన మంచాన్ని జానెడు దూరం జరిపాడు. గంగులయ్య పళ్లు కరుచుకొని అందర్నీ పేరుపేరునా పలకరించాడు. నా తాడుకు చెయ్యి వెయ్యొద్దని ఏ నోటితో చెప్పగలడు? ఆ మాట అన్నవాడు రేపు ఆ ఊళ్లో ఎవరి వాకిట్లో నిలబడతాడు?

వార్డును చూసుకునే సిస్టరు పుష్పకుమారి దూరం నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. వచ్చిన ప్రతి ఒక్కరూ మంచం చివర వంగి చెయ్యి ఆనించి పోతుంటే, ఈయన ఊళ్లో గొప్ప పెద్దమనిషి కాబోలు, కాళ్లకు దండం పెట్టుకుంటున్నారని అనుకుంది. ఆ రోజు నుంచి గంగులయ్యకు మజ్జిగ కొంచెం చిక్కగా రావడం మొదలైంది.

మస్తానయ్య కూడా వచ్చేవాడు. వచ్చి గడప దగ్గరే ఆగేవాడు. మొహం వరండా స్తంభం వైపు తిప్పి, ఎట్టుండావు బావా అని స్తంభాన్ని అడిగి, సమాధానం సగంలో ఉండగానే వెళ్లిపోయేవాడు. తాడు దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. అతను తెడ్డు బాగా పడుతున్నాడని, ఈ ఏడు పడవలోకి ఒక్క అల కూడా ఎక్కలేదని వచ్చినవాళ్లు చెప్పి సంతోషపెట్టేవారు.

"నీ తమ్ముడు నా తాడుకు చెయ్యి వెయ్యలా," అన్నాడు గంగులయ్య ఒకనాడు భార్యతో.

"వెయ్యకపోతే ఏమయ్యా, తాడు తెగిందా?"

"తెడ్డు కావాల్సినోడికి తాడుతో ఏం పని?"

పిచ్చమ్మ ఇటు మొగుడు, అటు తోడబుట్టినవాడు అయ్యేసరికి, ఇద్దర్నీ తిట్టి న్యాయం చేసింది.

పుష్యమాసంలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఆ ఫిలింను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుక్కోవలసిన ఎముక ముక్కలు పంపకాలైన అన్నదమ్ముల్లా ఎడంగా నిలబడి ఉన్నాయి. ఆయన ఇసక సంచిని తూకం వేయించాడు. సరిగానే ఉంది. గిలక మార్పించాడు. పెన్న ఇసకలో చెమ్మ ఉందేమోనని ఎండబెట్టించాడు. వార్డుబాయిని నాలుగు మాటలన్నాడు. మళ్లీ వారానికి చూస్తే అన్నదమ్ములు ఇంకొంచెం దూరం జరిగారు.

ఆయన ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ వార్డులోకి వచ్చాడు. నరసయ్య, ఇంకో ఐదారుగురు తాడు వెంట వరసగా నిలబడి ఉన్నారు.

"ఏం చేస్తా ఉన్నారు?"

"చెయ్యేస్తా ఉండామయ్యా," అన్నాడు నరసయ్య, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఒకరు చెప్పాల్నా అయ్యా? మా మనిషి గదా. తమరే గదా మా తాడు పని బాగుందంటిరి."

మద్రాసు పుస్తకాల్లో లేని ఈ వైద్యాన్ని కామాక్షయ్య గారు ఒకసారి ఎగాదిగా చూశాడు. ఇప్పటిదాకా ఎంతమంది వేశారని మాత్రం అడిగాడు. నరసయ్య ఊరి పరువు నిలబెడుతున్న ధోరణిలో, అందరమూ వేసినామయ్యా, ఒక్క మస్తానయ్య తప్ప అన్నాడు.

"ఆ ఒక్కడెవరో చూపించండి. వాడికి నేను దండం పెట్టాల," అన్నాడు డాక్టరు.

తరవాత ఆయన మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చొని గంగులయ్యకు అంతా విడమరిచి చెప్పాడు. బరువు కొంత తగ్గిస్తాడు. ముక్కలు మళ్లీ దగ్గరికి వస్తాయి. అయితే ఇప్పటిదాకా పడుకున్నదంతా వృథా; ఇక్కడి నుంచి లెక్క కొత్తగా మొదలు. ఇంకెవరైనా లాగితే ఎముక ఎప్పటికీ అతకదు. అతకకపోతే తెడ్డు సంగతి అటుంచి, చెంబు పట్టుకొని బయటికి పోవడానికి కూడా ఇద్దరు మనుషులు తోడు రావాలి.

"కొలుపుకు నిలబడతానా అయ్యా?"

డాక్టరు ఫిలిం వైపు చూశాడు. ఎక్స్‌రేలు చూసి బతికేవాళ్లు అబద్ధం చెప్పడానికి పనికిరారు. "ఇంటికైతే పోతావు," అన్నాడు.

ఆ రోజు గంగులయ్య చిక్కటి మజ్జిగ తాగలేదు.

తరవాతి బస్సుకు వచ్చిన మస్తానయ్యను డాక్టరు వరండాలోనే పట్టుకున్నాడు. ఊరందరిలో బుద్ధి ఉన్నవాడివి నువ్వొక్కడివేనని భుజం తట్టి, చెయ్యి పట్టుకొని, వద్దయ్యా వద్దయ్యా అంటున్నా వినకుండా మంచం దాకా నడిపించుకొచ్చాడు. దుప్పటి పక్కకు జరిగి ఉంది. కాలికి ఈ పక్క ఇంత, ఆ పక్క ఇంత చువ్వ కనపడింది. బతికున్న సొరచేప నోట్లో చెయ్యి పెట్టి గాలం తీసే మస్తానయ్య, ఆ చువ్వను ఒక్కసారి చూసి, గిలక మీద చెయ్యి ఆనించబోయి, అది అందక, నిలువునా కింద పడ్డాడు. నొసలు మంచం కోడుకు తగిలి చీలింది. కుట్లు వేసి, అవి విప్పేదాకా ఉండమని పక్క మంచం మీదే పడుకోబెట్టారు.

గంగులయ్య నవ్విన నవ్వుకు ఇసక సంచి గడియారం లోలకంలా ఊగింది. నవ్వు కూడా లాగుడు కిందికే వస్తుందని డాక్టరు నవ్వును నిషేధించాడు.

తెలివి వచ్చాక మస్తానయ్య గోడ వైపు తిరిగే మాట్లాడాడు. "బావా, ముందు ఆ దుప్పటి కప్పు. చెప్తా."

"ఒరే, నువ్వు తాడుకు చెయ్యి వెయ్యంది ఈ చువ్వకు భయపడా?"

"మరి దేనికనుకుంటివి?"

"తెడ్డు కోసరం అనుకుంటి."

మస్తానయ్య కొంచెంసేపు కుట్లు తడుముకున్నాడు. "అదీ ఉండాది లే బావా," అన్నాడు.

అంత నిజాయితీ గంగులయ్య ఎదురుచూడలేదు. ఏం తిట్టాలో తోచక, నొప్పిగా ఉందా అని అడిగాడు.

ఇక చెయ్యి వేయడాన్ని ఆపించడం ఒక పెద్ద వ్యవహారమైంది. గడప దగ్గర వార్డుబాయిని కాపలా పెట్టారు. వచ్చినవాళ్లు దూరం నుంచే చూసి, మొహాలు ముడుచుకొని వెళ్లిపోయారు. గంగులయ్యకు పట్నం గాలి తగిలిందని, ఊరి చేతులు ఇప్పుడతనికి అంటవని మాట పుట్టింది. పిచ్చమ్మ చేపల గంపతో ఎదురొస్తే ఇద్దరు ఆడవాళ్లు పక్క దారి పట్టారు. ఆమె వార్డుకు వచ్చి ఆ సంగతి చెబుతూ మొదటిసారి కళ్లు తుడుచుకుంది. కాలు విరిగిననాడు కూడా తుడుచుకోలేదు.

పుష్పకుమారి ఇదంతా విని, సామాన్ల గదిలోకి పోయి, ఇంకొక తాడు, ఇంకొక గిలక, ఇంకొక ఇసక సంచి తెచ్చింది. ఆ తాడు ఒక కొసను దుప్పటి కిందుగా పోనిచ్చి మంచం ఇనుప పట్టెకు బిగించి కట్టింది. రెండో కొసన సంచి వేలాడదీసి బయటికి బాగా కనపడేటట్టు పెట్టింది. అసలు తాడును చాపతో మూసేసింది. పక్క మంచం మీద ఇంకా కుట్లు విప్పని మస్తానయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. కొత్త తాడును ఎంతమంది లాగినా మంచం కిర్రుమనాలే గాని గంగులయ్య వెంట్రుక కూడా కదలదు. డాక్టరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వైద్యశాస్త్రంలో దీనికి చోటు లేదుగాని ఈ వార్డులో ఉందని, ఉండనిమ్మని ఉత్తర్వు ఇచ్చాడు.

గడప తెరుచుకుంది. మునగపాళెం మళ్లీ వచ్చి తృప్తిగా చెయ్యి వేసింది. గంగులయ్యలో అంతవరకూ ఎవరూ చూడని నటుడొకడు బయటపడ్డాడు. లాగిన ప్రతిసారీ కళ్లు మూసి, పెదవి కొరికి, చాల్లే మామా, నీ చేతి బలం తగ్గలా అని మూలిగేవాడు. మేనమామ లాగినప్పుడైతే రెండు మూలుగులు మూలిగేవాడు. పిచ్చమ్మ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోతే, పాపం ఏడుపు ఆపుకోలేక పోయిందని చూడవచ్చిన ఆడవాళ్లు ఆమె వెంట వెళ్లి ఓదార్చేవారు.

"మావోళ్లు ఎంత అమాయకులో చూడు సిస్టరమ్మా," అనేవాడు గంగులయ్య అందరూ వెళ్లాక. "తాడు యాడ కట్టుండాదో చూసుకోకుండా లాగుతా ఉండారు. మమ్మల్నిట్టా ఎవురన్నా మోసం చెయ్యగలరా?"

చైత్రంలో చువ్వ తీశారు. కాలు చిక్కి చుక్కాని కర్రలా ఉంది. మోకాలు వంగడమన్నది మరిచిపోయింది. పుష్పకుమారి అతన్ని మంచం అంచున కూర్చోబెట్టి, రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ మోకాలికి వంగడం మళ్లీ నేర్పింది. నేర్చుకుంటున్నంతసేపూ గంగులయ్య సముద్రానికీ, పడవకూ, దాన్ని చేసిన వడ్రంగికీ, ఆ వడ్రంగి పూర్వీకులకూ చేసిన సంబోధనలు విని, పక్క మంచం రైతు తన తుంటి నొప్పి మరిచిపోయాడు. ఎన్ని తిట్టినా సిస్టరు లెక్కపెట్టలేదు. వంగిన మేరకు మాత్రమే మజ్జిగ పోసేది.

చంక కర్రల మీద ఇంటికి పంపుతూ డాక్టరు ఒకే ఒక షరతు పెట్టాడు. ఎముక అతికింది గాని ఇంకా పచ్చిగానే ఉంది. ఆ కాలి మీద బరువు మోపరాదు. ఆషాఢం దాటేదాకా పడవ ఎక్కరాదు.

కొలుపు వైశాఖంలో.

ఊళ్లో మొదటి అడుగులోనే చంక కర్రలు ఇసకలో జానెడు దిగిపోయాయి. రెండో అడుగులో గంగులయ్య కూడా దిగిపోయేవాడే, పిచ్చమ్మ పట్టుకుంది. మర్నాడు మస్తానయ్య, వలకు కట్టే బెండు చెక్కలు రెండు పెద్దవి తెచ్చి, కర్రల అడుగున మేకులు కొట్టి బిగించాడు. వాటితో గంగులయ్య కొంగలా అడుగులు వేస్తూ గట్టుదాకా పోయి, పడవను చూసి, తిరిగి వచ్చేవాడు. తెడ్డు కొత్తగా నూనె రాసి ఉండడం అతను గమనించాడు. తనే అయితే ఇంకొంచెం రాసేవాడు.

కొలుపు ముందు రోజు ఊరి పెద్దల ముందు గంగులయ్య తాను పడవెక్కి తీరుతానన్నాడు. ఎక్కితే రెండో కాలు తానే విరగ్గొడతానని పిచ్చమ్మ అంది. ఆమె చేతిలో రోకలి ఉండడం వల్ల ఆ వాదానికి బలం చేకూరింది. అప్పుడు మస్తానయ్య లేచాడు. అంతా అతను తెడ్డు అడుగుతాడనే అనుకున్నారు.

"రేపు తెడ్డు నేను పడతా. పడవకు తాడు కట్టి కొస బావ చేతిలో పెడతాం. పోయే పడవ ఎవుడి చేతి తాడుకుంటే వాడిదే గదా. తెడ్డు బావదే. నేను ఊరికే చెయ్యేసినోణ్ణి."

నరసయ్య చాలాసేపు గడ్డం నిమిరాడు. ఇట్లా ఇంతకు ముందు జరగలేదు. జరగకూడదని కూడా ఎవరూ చెప్పిపోలేదు. చివరికి ఆయన, తాడు కొస పట్టినవాడిదే తెడ్డని, ఏడాదంతా అదే మాట అని తీర్పు చెప్పాడు.

మర్నాడు డప్పులు మోగుతుండగా గంగులయ్యకు స్నానం చేయించి, కొత్త పంచె కట్టించి, నీళ్ల అంచుకు కొంచెం ఇవతల బోర్లించిన రోలు మీద కూర్చోబెట్టారు. కుడికాలు ఇసక కుప్ప మీద చాపి పెట్టారు. చేతిలో లావాటి తాడు కొస పెట్టారు. ఆ తాడు ఇసక మీదుగా నీళ్లలోకి, నురగలోకి పోయి ఉంది. పక్కనే ఇంకొక తాడు పట్టుకొని పదిమంది కూర్చున్నారు. అది సాయానికని మస్తానయ్య చెప్పాడు. పసుపు నీళ్లు చల్లారు, కోడిని తిప్పారు, పడవను తోశారు.

మస్తానయ్య వెనక కొసన నిలబడ్డాడు. మొదటి అల దాటింది. రెండోది దాటింది. మూడో అల పెద్దది; దాని మీద పడవ ముక్కు లేచినప్పుడు గంగులయ్యకు తెలియకుండానే అతని ఎడమకాలు ఇసకలో తన్నిపెట్టుకుంది. పడవ దాటేసింది. దూరం పోయింది.

గంగులయ్య చేతిలోని తాడు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

పక్కవాళ్ల చేతుల్లో తాడు బుసబుసమని జారిపోతోంది. అతనిది బెత్తెడు కూడా కదల్లేదు. మెల్లగా లాగి చూశాడు. బిగువుగానే ఉంది. ఆ బిగువులో అల లేదు, పడవ లేదు, ప్రాణం లేదు. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి తాళ్లతోనే బతికిన చెయ్యి. అటు కొసన ఏముందో దానికి వెంటనే తెలిసిపోయింది. నురగ కింద, ఇసకలో పాతిన ఒక సరుగుడు గుంజ. అసలు తాడే అయి ఉంటే మూడో అలకు రోలుతో సహా తనను ఈడ్చుకుపోయేదని, పచ్చి ఎముక మళ్లీ విరిగేదని కూడా తెలిసింది.

అతను తల తిప్పి నరసయ్యను చూశాడు. నరసయ్య ఆకాశంలో గద్దను చూస్తున్నాడు. మేనమామను చూశాడు. మేనమామ గోరు చూసుకుంటున్నాడు. పిచ్చమ్మను చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని సముద్రం చూస్తోంది. ఊరు ఊరంతా, ఆసుపత్రి వార్డులో తానూ సిస్టరూ పెట్టుకున్న మొహాల్లాంటి మొహాలే పెట్టుకొని నిలబడి ఉంది. అక్కడ తాను లాగించింది ఏమిటో వీళ్లకు ఎప్పుడు, ఎవరు చెప్పారో అతను అప్పుడూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు. చువ్వను చూసి పడిపోయినవాడు పక్క మంచం మీద ఎన్నాళ్లు పడుకున్నాడో ఒక్కసారి గుర్తొచ్చింది, అంతే.

"లాగవయ్యా," అంది పిచ్చమ్మ అతనికి మాత్రమే వినపడేటట్టు. "అందరూ చూస్తా ఉండారు."

గంగులయ్య తాడును అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఒరే మస్తానూ, ఎడమకు పట్టు, ఎడమకు" అని పక్క ఊరికి వినపడేటట్టు కేక వేశాడు. పడవ అప్పటికే ఎడమకు తిరిగి ఉంది.

వల ఒడ్డుకు చేరి చేపలు పంచేటప్పుడు గంగులయ్య తన చాట ముందుకు జరిపాడు. మస్తానయ్య అందులో పాలు వేసి, దాని మీద పెద్ద వంజరం ఒకటి పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

శ్రావణంలో డాక్టరు సరేనన్నాక గంగులయ్య పడవెక్కాడు. తెడ్డు ఏడాది పొడుగునా అతనిదే కనుక ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఎవరూ లేకపోయారు. మస్తానయ్య వెనక కొస నుంచి ముందుకు పోయి కూర్చున్నాడు, అంతే. చువ్వ దిగిన మచ్చలు కనపడకుండా బావ పంచె కిందికి దించి కట్టాలని ఒక్క షరతు పెట్టాడు. గంగులయ్య ఒప్పుకున్నాడు గాని, బావమరిది నోరు మరీ ఎక్కువైన రోజుల్లో పంచె పైకి ఎగగట్టేవాడు. పడవ ముందు భాగం వెంటనే నిశ్శబ్దమైపోయేది.

మరుసటి ఏడు కొలుపుకు నాలుగు రోజుల ముందు నరసయ్య ఇంటి కప్పు మీంచి జారి పడితే ఆయన నడుం పట్టేసింది. తోయలేడు, లాగలేడు. పెద్దరికం ఏమైపోతుందోనని ఆయన అన్నం మానేశాడు. కొలుపునాటి పొద్దున జనం గట్టుకు రాకముందే గంగులయ్య కొంచెం కుంటుతూ వచ్చి, నీళ్ల అంచున ఇసక తవ్వి, ఆ సరుగుడు గుంజను తన చేత్తోనే పాతాడు. నరసయ్యను రోలు మీద కూర్చోబెట్టి, తాడు కొస చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకో మామా, ఈ ఏడు అల పెద్దదిగా ఉండాది అని చెప్పి పడవెక్కాడు.

నరసయ్య మహా గంభీరంగా లాగాడు. ఆయనకు తెలుసో తెలియదో అడిగినవాళ్లు లేరు. ఊరంతా గద్దను చూస్తోంది.